వద్దనగలిగినవాడి బేరం

(గుంటూరులో రైతులు, డిగ్రీ విద్యార్థులు, విశ్రాంత ఉద్యోగులు హాజరైన ఒక సభలో అర్థశాస్త్రం అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేనేమీ హాజరు వేయను.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం "రాజకీయాధికారం, వ్యక్తి ఇష్టం, స్వేచ్ఛా మార్కెట్". కార్డు మీద అచ్చు వేస్తే బాగానే ఉంది కానీ మాట్లాడాలంటే రెండు సెమిస్టర్లు పట్టే వ్యవహారం. ఈ విషయం మీద టీవీల్లో మాట్లాడేవాళ్ళు రెండు జట్లుగా విడిపోయి ఉంటారు. ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే చాలు, ఎవరి బాగు వాళ్ళు చూసుకుంటారని ఒక జట్టు. మార్కెట్ అంటేనే దోపిడీ, అన్నీ సర్కారే చూసుకోవాలని ఇంకో జట్టు. గుంటూరువాడికి ఈ రెండు మాటలూ అంత సులువుగా మింగుడుపడవు. మన దగ్గర సర్కారు చెయ్యిపెట్టిన మార్కెట్లూ ఉన్నాయి, పెట్టనివీ ఉన్నాయి. రెండు చోట్లా లాభపడ్డవాళ్ళున్నారు, రెండు చోట్లా మునిగినవాళ్ళున్నారు.

అందుకని నేను ఇవాళ ఒక్క ప్రశ్న మాత్రం పట్టుకుంటాను. బేరం దగ్గర నిలబడ్డ మనిషి "ఈ ధరకు నాకొద్దు" అని సరుకు వెనక్కి తీసుకుపోగలడా? పోగలిగితే దేని అండతో? పోలేకపోతే ఎవరి వల్ల?

మిర్చి యార్డు సంగతి చూద్దాం. ఆసియాలోనే పెద్దది అని చెప్పుకుంటాం. ఫిబ్రవరి, మార్చి వస్తే ఆ రోడ్డు మీద బండి నడపడం ఎంత కష్టమో మీకు తెలుసు. తేజ, 334, 341, బ్యాడిగి, రకానికో ధర. రంగు పోయిన తాలు కాయలకు వేరే ధర. వందల మంది అమ్మేవాళ్ళు, పదుల కొద్దీ కొనేవాళ్ళు, చైనా, బంగ్లాదేశ్ దాకా పోయే సరుకు. 2016లో ఈ-నామ్ అనే కేంద్రం ఆన్‌లైన్ మార్కెట్ వచ్చాక కంప్యూటర్లో కూడా ధర వేస్తున్నారు. నేను క్లాసులో పోటీ మార్కెట్ అని బోర్డు మీద గీతలు గీసి చెప్పేదానికి ఇంతకంటే దగ్గరగా ఉండేది ఈ రాష్ట్రంలో ఇంకోటి దొరకదు.

ఇప్పుడు అందులోకి ఇద్దరు రైతులు వస్తారు. ఇద్దరిదీ తేజ రకమే, ఒకే నాణ్యత, ఒకే రోజు. మొదటి రైతుకు సొంత పొలం ఉంది, బ్యాంకు అప్పు ఉంది, కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ధర నచ్చలేదు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టించి, ఆ రసీదు మీద కాస్త అప్పు తీసుకుని ఇంటికి పోయాడు. దసరాకి చూసుకుందాంలే అనుకున్నాడు. రెండో రైతు ఎకరాల లెక్కన కౌలుకు తీసుకుని వేశాడు. విత్తనం, పురుగుమందులు, కూలీల ఖర్చు అన్నీ యార్డులో సరుకు అమ్మిపెట్టే కమీషన్ కొట్టు నుంచి తెచ్చుకున్న డబ్బు. మిర్చికి పెట్టుబడి లక్షల్లోనే అవుతుంది కదా. బాకీ ఉన్న కొట్టుకే సరుకు దిగాలి, ఆ కొట్టు చెప్పిన రోజే తెగాలి. వడ్డీ నడుస్తుంటే దసరా దాకా ఎవరు ఆగుతారు?

చట్టం దృష్టిలో ఇద్దరికీ ఒకే స్వేచ్ఛ. ఎవరికైనా అమ్ముకోవచ్చు, అమ్మకపోవచ్చు. పోలీసులు ఎవరినీ బలవంతం చేయలేదు. అయినా ఒకడు బేరం ఆడాడు, ఇంకొకడు ధర విని తల ఊపాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కమీషన్ వ్యాపారిని సినిమా విలన్‌లా చూపించడం నాకు ఇష్టం ఉండదు. అర్ధరాత్రి ఆస్పత్రికి డబ్బు కావాలంటే సర్దేది ఆయనే. బ్యాంకు మేనేజరు ఫోన్ కూడా ఎత్తడు. చట్ట ప్రకారం కమీషన్ ఏజెంటు రైతు తరఫు మనిషి. అదే మనిషి రైతుకు అప్పిచ్చినవాడు కూడా, కొనే వ్యాపారితో రోజూ పని ఉన్నవాడు కూడా. మూడు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషి ఎటు ఒరుగుతాడో ఊహించడానికి అర్థశాస్త్రం చదవక్కర్లేదు.

2025 మొదట్లో ధర పడిపోయిన సంగతి ఎవరూ మర్చిపోయి ఉండరు. అంతకు ముందు క్వింటాలుకు 20 వేలు దాటిన ధరలు చూసినవాళ్ళు దాదాపు సగానికి అమ్ముకోవాల్సి వచ్చింది. మిర్చికి కనీస మద్దతు ధర లేదు, ఆ జాబితాలో మిర్చి లేనే లేదు. చివరికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు అని ప్రకటించింది. అంతకుముందు దాకా ప్రభుత్వం మా జోలికి రాకూడదన్న పెద్ద రైతులు కూడా ఆ వారం ఢిల్లీ వైపే చూశారు. నేను ఎగతాళి చేయడం లేదు. ఎవరు కష్టంలో ఉన్నా అలాగే చూస్తారు.

ప్రభుత్వం అంటే రైతుకు ఎందుకు భయమో చెప్పిన మనిషి మన జిల్లావాడే. పొన్నూరు దగ్గర నిడుబ్రోలులో 1900లో పుట్టిన ఆచార్య ఎన్.జి. రంగా. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభలో ఉమ్మడి సహకార సేద్యం కావాలని తీర్మానం చేశారు. నెహ్రూ దాని వెనక ఉన్నారు. లోపల ఉంటూనే చరణ్ సింగ్ వ్యతిరేకించారు. రంగా గారు కాంగ్రెస్ వదిలి బయటికొచ్చారు. రాజాజీతో కలిసి అదే ఏడాది స్వతంత్ర పార్టీ పెట్టి దానికి మొదటి అధ్యక్షుడయ్యారు. పర్మిట్లు, లైసెన్సుల రాజ్యం అని రాజాజీ ఎద్దేవా చేసింది ఆ రోజుల్లోనే. 1962లో ఆ పార్టీకి లోక్‌సభలో 18 సీట్లు, 1967లో 44. అప్పుడు ప్రతిపక్షంలో అతి పెద్ద పార్టీ అదే.

రంగా గారి వాదనను నా మాటల్లో చెబుతాను. సొంత పొలం ఉన్న రైతు మునసబుకు, కరణానికి, ఎమ్మెల్యేకి ఎదురు చెప్పగలడు. పొలం ఉమ్మడి సంఘంలో కలిపేశాక ఎవరికి ఏ పని, ఎవరికి ఎంత వాటా అనేది సంఘం కార్యదర్శి చేతిలోకి పోతుంది. అప్పుడు ఓటు కూడా ఆయన చెప్పినవాడికే. అంటే ఆస్తి ఆయనకు డబ్బు విషయం మాత్రమే కాదు, అధికారం ముందు వంగకుండా నిలబడే శక్తి. కుర్రాళ్ళు ఈ మాట రాసుకోండి, పరీక్షలో రాదుగానీ పనికొస్తుంది.

చిత్రమేమిటంటే 1930ల్లో జమీందారీ రైతుల పక్షాన జమీందార్లతో పోరాడిన ఈ మనిషి, స్వతంత్ర పార్టీలో మహారాజుల పక్కన కూర్చోవాల్సి వచ్చింది. రాజాలు, రాణులు ఆ పార్టీలో బోలెడుమంది. ఇంకా చిత్రం, తర్వాత ఆయన కాంగ్రెస్‌కే తిరిగొచ్చి 1980, 84, 89లో మూడుసార్లు మన గుంటూరు నుంచే ఎంపీ అయ్యారు. అవకాశవాదం అనేవాళ్ళు అంటారు. నాకు ఆయన మీద ఉన్న ఫిర్యాదు అది కాదు. సొంత భూమి ఉన్నవాడి స్వేచ్ఛ గురించి ఆ పార్టీ ఎంత గట్టిగా మాట్లాడిందో, భూమి లేనివాడి గురించి అంత గట్టిగా మాట్లాడలేదు.

ఆ భూమి లేనివాడి మాట అప్పటికి పన్నెండేళ్ళ ముందే అంబేడ్కర్ అనేశారు. 1947లో రాజ్యాంగ సభ ముందు పెట్టడానికి ఆయన తయారుచేసిన మెమోరాండంలో వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమ చేయమన్నారు. భూమిని ఊరిలోని కుటుంబాలకు కులంతో సంబంధం లేకుండా సాగుకిచ్చి ఉమ్మడిగా చేయించమన్నారు. రంగా గారు ఏది చూసి భయపడ్డారో, సరిగ్గా అదే. ఎందుకంటే అంబేడ్కర్ కూర్చున్న చోటు వేరు. రాజ్యం పక్కకు తప్పుకుంటే స్వేచ్ఛ వస్తుందంటారు, ఎవరికొస్తుంది అని అడిగారు. కౌలు పెంచే స్వేచ్ఛ భూస్వామికి వస్తుంది. పని గంటలు పెంచి కూలి తగ్గించే స్వేచ్ఛ యజమానికి వస్తుంది. మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో ఉన్న కూలీకి ఊరి పెద్ద రైతే రాజ్యం.

ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకాయన కచేరీలో కూర్చున్న అధికారిని చూశాడు, ఇంకొకాయన గట్టు మీద నిలబడ్డ అధికారిని చూశాడు.

ఇక నాకు ఇష్టమైన ఉదాహరణకొస్తాను, పొగాకు. ఎందుకు ఇష్టమంటే ఇది ఏ జట్టుకూ అనుకూలంగా ఉండదు. వర్జీనియా పొగాకు మన ప్రాంతానికి వచ్చి నూరేళ్ళయింది. చాలాకాలం రైతు బేళ్ళు కట్టుకుని కంపెనీల దగ్గరకు, వ్యాపారుల దగ్గరకు వెళ్ళేవాడు. గ్రేడు చెప్పేదీ వాళ్ళే, ధర చెప్పేదీ వాళ్ళే, డబ్బులు ఎప్పుడిస్తారో చెప్పేదీ వాళ్ళే. కొనేవాడే తూకం రాయి తెచ్చుకున్నట్టు. 1975లో పార్లమెంటు పొగాకు బోర్డు చట్టం చేసింది. మరుసటి ఏడాది బోర్డు ఏర్పడింది, ప్రధాన కార్యాలయం ఇక్కడే, మన గుంటూరులో. 1984లో కర్ణాటకలో, 1985లో మన రాష్ట్రంలో వేలం కేంద్రాలు పెట్టారు.

వేలం కేంద్రం ఎలా నడుస్తుందో ఇక్కడున్న పొగాకు రైతులకు నేను చెప్పక్కర్లేదు, కుర్రాళ్ళ కోసం చెబుతున్నాను. బేళ్ళు వరసగా పరుస్తారు. గ్రేడు వేసేది బోర్డు సిబ్బంది. కొనేవాళ్ళందరూ ఒకే వరసలో నడుస్తూ ధర వేయాలి. బేలు ఏ ధరకు పోయిందో అందరి ముందూ తేలుతుంది. ధర నచ్చకపోతే రైతు ఆ బేలు ఇవ్వనని చెప్పి మరో రోజు పెట్టుకోవచ్చు. అమ్మిన డబ్బు బోర్డు ద్వారా రైతు ఖాతాకు చేరుతుంది. అంటే "వద్దు" అనే హక్కు అక్కడ రూలు పుస్తకంలోనే ఉంది.

దానికి రైతు కట్టిన వెల ఏమిటి? ఇష్టమొచ్చినంత పండించే హక్కు వదులుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆకు కాల్చే బ్యారన్‌కు లైసెన్సు ఉండాలి. ఈ ఏడాది ఎన్ని కిలోలు అన్నది బోర్డు నిర్ణయిస్తుంది. దాటితే అపరాధ రుసుం. నా పొలంలో నేనెంత వేయాలో ఇంకెవరో చెప్పడమేమిటని స్వతంత్ర పార్టీ కాలం మనిషి ఎవరైనా మండిపడతాడు. ఆ మంటలో న్యాయం ఉంది. లైసెన్సు ఉన్న బ్యారన్ అద్దెకిచ్చుకుని బతికేవాళ్ళు తయారయ్యారు. లైసెన్సు ఎక్కడ ఉంటే దాని చుట్టూ ఇలాంటి బేరాలు మొలుస్తాయి.

(సభలోంచి: "వేలంలో కూడా ధర వేయకుండా నో బిడ్‌లు పెడుతున్నారు కదండీ? కంపెనీలన్నీ కూడబలుక్కుని...")

పెడుతున్నారు పెద్దాయనా, కాదనను. కొనే కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉంటే వేలం ఎంత బాగా పెట్టినా వాళ్ళు ఆగినప్పుడు ధర ఆగుతుంది. రోడ్డెక్కి వేలం ఆపించిన రోజులు మీకే నాకన్నా బాగా తెలుసు. కానీ ఆపించడానికి ఒక వేలం ఉంది, అడగడానికి ఒక ఆఫీసు ఉంది. ఇప్పుడు బర్లీ అనే ఇంకో రకం పొగాకు చూడండి. బర్లీకి ఈ కోటా లేదు, ఈ వేలమూ లేదు. కంపెనీ మనుషులు ఊళ్ళోకొచ్చి వేయమంటారు, రైతులు వేస్తారు. రాతకోతలు తక్కువ, నోటిమాటలు ఎక్కువ. ముందటేడు ధర బాగుందని పర్చూరు, ఇంకొల్లు, చిలకలూరిపేట వైపు నల్ల బర్లీ విపరీతంగా వేశారు. 2025లో కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు, ధర కుప్పకూలింది. అప్పుడు ఏం జరిగింది? రాష్ట్ర ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ను దింపి కొనిపించాల్సి వచ్చింది. తర్వాత సీజనుకు బర్లీ వేయొద్దని కూడా చెప్పాల్సి వచ్చింది.

అంటే వర్జీనియాలో ముందే పెట్టిన కట్టు, బర్లీలో మునిగాక వచ్చింది. ఏది మేలని మీరు అడిగితే నేను వర్జీనియా వైపే ఉంటాను. దాని కోటాలు నాకు నచ్చవు, అయినా ఆ వైపే. ఒక రైతు, ఒక కంపెనీ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మధ్యలో ఎవరూ లేకపోవడాన్ని స్వేచ్ఛ అని నేను అనలేను.

2020 నాటి మూడు వ్యవసాయ చట్టాల గురించి రెండు ముక్కలు. యార్డు బయట ఎవరికైనా అమ్ముకోవచ్చన్నది అందులో ఒకటి. మన దగ్గర ధాన్యం ఎప్పటినుంచో కళ్ళంలోనే మిల్లర్లకు పోతోంది కాబట్టి ఇక్కడ అంత అలజడి లేదు. పంజాబులో యార్డు నీరసించిపోతే ప్రభుత్వం కొనడమూ ఆగిపోతుందని భయం. ఆ చట్టాలు బాగున్నాయా లేదా అన్నది పక్కన పెట్టండి. జూన్‌లో ఆర్డినెన్సులు, సెప్టెంబరులో రాజ్యసభలో మూజువాణి ఓటు. "నీకు స్వేచ్ఛ ఇస్తున్నాం" అని రైతుకు చెప్పారు కానీ, కావాలా అని అడగలేదు. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. స్వేచ్ఛా మార్కెట్‌ను కూడా హుకుంతో తేవాలనుకుంటే ఇలాగే అవుతుంది.

ఇంకో చిన్న సంగతి. 2019 నుంచి 2024 దాకా మన రాష్ట్రంలో మద్యం దుకాణాలు సర్కారే నడిపింది. ఆ రోజుల్లో బ్రాండ్ల పేర్లు... (నవ్వులు) నవ్వుతున్నారంటే తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. కొనేవాడు వేరే కొట్టుకు పోయే వీలు లేకపోతే కొట్టువాడు ఏది ఇస్తే అదే, ఆ కొట్టువాడు సర్కారైనా సరే. తాగేవాడి కోణం ఇది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వద్దని లేచిన ఆడవాళ్ళ కోణం వేరు. మార్కెట్లో వాళ్ళు కొనేవాళ్ళూ కాదు, అమ్మేవాళ్ళూ కాదు. మొగుడి ఇష్టానికి ఖర్చు మాత్రం వాళ్ళది. బేరంలో వాళ్ళకు నోరు లేదు కాబట్టి రాజకీయాల్లోకి వచ్చి అడిగారు, సారా ఆగింది. వ్యక్తి ఇష్టం అన్నప్పుడల్లా ఏ వ్యక్తి అని అడగడం నేను అక్కడే నేర్చుకున్నాను.

అమరావతి గురించి మాట్లాడకుండా గుంటూరులో ఈ అంశం ముగించలేం. పార్టీలు పక్కన పెట్టి వినమని మనవి. 2015లో రాజధాని కోసం ప్రభుత్వం భూసేకరణ చట్టం వాడకుండా భూ సమీకరణ అంది. ఇష్టమైనవాళ్ళే ఇవ్వండి, బదులుగా ఎకరానికి ఇన్ని గజాల ఇళ్ళ స్థలం, ఇన్ని గజాల వాణిజ్య స్థలం, పదేళ్ళు కౌలు. మెట్టకు ఏడాదికి ఎకరాకు 30 వేలు, నీటి వసతి ఉన్న జరీబు భూమికి 50 వేలతో మొదలు, ఏటా పెంపు. 30 వేల ఎకరాలకు పైగా అలా వచ్చింది. ఇంత భూమి తుపాకీ లేకుండా, తలుపు తట్టి సంతకాలు పెట్టించుకుని సేకరించడం చిన్న విషయం కాదు. అభ్యంతరం ఉన్నవాళ్ళకు 9.2 ఫారం, అంగీకారానికి 9.3 ఫారం. ఉండవల్లి, పెనుమాకల్లో మల్లెలు, కూరగాయలు పండే పొలాలున్న కొందరు ఇవ్వమన్నారు, కోర్టుకెళ్ళారు. చాలామంది పొలాలు నిలిచాయి కూడా. అయితే ఇవ్వకపోతే సేకరణ చట్టం వాడతామన్న మాట గాలిలో ఉంటూనే ఉంది. ఆ మాట తలమీద ఉండగా చేసిన సంతకం ఎంత శాతం ఇష్టం, ఎంత శాతం భయం? సంతకం పెట్టినవాడు కూడా చెప్పలేడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఇద్దరు వ్యాపారులు ఒప్పందం చేసుకుంటే, ఒకడు మాట తప్పితే రెండోవాడు కోర్టుకు పోతాడు. ఒప్పందంలో ఒక పక్షం ప్రభుత్వమే అయితే? అది చట్టాన్నే మార్చగలదు. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు. భూమి ఇచ్చినవాళ్ళ చేతిలో ఉన్న కాగితం అదే, దాని విలువ మాత్రం అసెంబ్లీలో ఒక ప్రసంగంతో పడిపోయింది. వాళ్ళు సరుకు వెనక్కి తీసుకుపోగలరా? గట్లు చెరిపేశారు, రోడ్లు వేశారు, పొలం ఎక్కడుందో ఆనవాలు లేదు. మిర్చి అయితే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు. ఏళ్ళ తరబడి దీక్షలు చేశారు, 2021లో తిరుపతి దాకా నడిచారు. 2022 మార్చిలో ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని హైకోర్టు చెప్పింది. 2024లో ఓటు మారాక, 2025లో పనులు మళ్ళీ మొదలయ్యాయి. మార్కెట్లో పోయిన బేరం కోర్టులో, బ్యాలెట్ పెట్టెలో వెతుక్కున్నారు.

ఇందులో అసలు బేరానికే పిలవనివాళ్ళు ఉన్నారు. ఆ పొలాల్లో పని చేసిన కూలీలు. పట్టా వాళ్ళ పేరున లేదు కాబట్టి ఏ ఫారమూ వాళ్ళ ముందుకు రాలేదు. నెలకు 2,500 రూపాయల పింఛను ఇచ్చారు. పొలం యజమానులు ఇష్టపూర్వకంగా ఇచ్చారని మనం లెక్క రాసుకున్నాం. అరటి తోటలో, పూల తోటలో ఏడాది పొడుగునా పని దొరికిన మనిషి ఇష్టం ఆ లెక్కలో లేదు. రంగా, అంబేడ్కర్ ఇద్దరి వాదనా ఒకే ఊళ్ళో చూడాలంటే అమరావతిలోని తుళ్ళూరు వెళ్ళండి.

ఇప్పుడు మిర్చి యార్డులో ఆ రెండో రైతు దగ్గరకు వద్దాం. అతనికి కావలసింది ఉపన్యాసం కాదు, రెండు నెలలు ఆగగలిగే అప్పు. బ్యాంకు అతనికి అప్పివ్వదు, పొలం కాగితం యజమాని పేరున ఉంది. 2011లో కౌలు రైతులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని బదులు ఇంకో చట్టం వచ్చింది, అందులో యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే పొలం ఎక్కడ పోతుందోనని యజమాని భయం. ఆ భయాన్నీ కొట్టిపారేయలేం, చట్టాలు ఎన్నిసార్లు మారాయో ఆయనా చూశాడు. చాలాసార్లు పొలం మీద బ్యాంకు అప్పు యజమానే తీసుకుని ఉంటాడు కూడా. దాంతో కౌలుదారు కమీషన్ కొట్టుకే పోతాడు. యార్డులో ఎన్ని కంప్యూటర్లు పెట్టినా అతని ధర ఆ కొట్టులోనే, నాట్లు వేసేనాడే తేలిపోయి ఉంటుంది.

యజమాని సంతకం లేకుండా కౌలు రైతుకు పంట మీద మాత్రమే అప్పు ఇచ్చే పద్ధతి పెట్టడం సాధ్యమే. భూమి హక్కుకు, పంట హక్కుకు ముడి విప్పాలి. దాన్ని మార్కెట్ అనుకూల విధానం అంటారో, ప్రభుత్వ జోక్యం అంటారో నాకు పట్టదు. ఇక్కడ సొసైటీ బ్యాంకుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. అది కుదరదని వాళ్ళు అనొచ్చు. ఎందుకు కుదరదో వాళ్ళ నోటి నుంచి విందాం. మైకు అటు ఇవ్వండి.